వెనక్కి ఇచ్చిన దణ్ణం

ల్యాబు పని నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నరసరావుపేటలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ నా గొప్పలు వింటారు పాపం. వాళ్ళకి నేను మొదట చూపించేది ఉద్యోగ విరమణ రోజున కప్పిన శాలువా కాదు, ఒక ఆరంగుళాల ప్లాస్టిక్ స్కేలు. దాని అంచు అరిగింది, మధ్యలో అంకెలు చెరిగాయి. "దీంతో రిజిస్టరులో గీతలు గీసేవాళ్ళా సార్?" అని మొన్న ఒకడు నవ్వాడు. నవ్వు నాయనా, నవ్వు. ఇప్పుడు మీ మిషను కాగితం మీద అంకె వేసి ఇస్తుంది, మీరు దాన్ని చించి మనిషి చేతిలో పెడతారు, పని అయిపోతుంది. నేను ఈ స్కేలుతో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. పోనీ అంకె తప్పా అంటే, కాదు. అంకె నిక్షేపంగా ఉంది. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలి.

ఎనభైల మధ్యలో మాట. గురజాల వైపు సున్నపు బట్టీల మధ్య ఉన్న ఒక సర్కారు ఆస్పత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ ఊరు మొత్తం తెల్లగా ఉండేది. చెట్ల ఆకులు తెలుపు, గేదెల వీపులు తెలుపు, సాయంత్రానికి మనుషుల కనుబొమలు కూడా తెలుపే. ఎవరన్నా దగ్గకుండా కనపడితే కొత్తగా వచ్చాడేమో అనుకునేవాళ్ళం. దగ్గితే సున్నం దగ్గు, అంతే. దానికి ఇంకో పేరు ఉండొచ్చని ఎవరికీ తోచేది కాదు.

మా అబ్బా, అంటే మా నాన్న, నరసరావుపేటలో దర్జీ. చిన్నప్పటి నుంచి టేపు పట్టుకుని పెరిగినవాణ్ణి కాబట్టి కొలత అంటే నాకు మహా పట్టుదల. అబ్బా మాత్రం కొలిచే ముందు మనిషిని ఊరికే నిలబెట్టి, ఊళ్ళో కబుర్లన్నీ అడిగేవాడు. ఎందుకు అబ్బా టైము దండగ అంటే, "టేపు చూడంగానే ప్రతివాడూ ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడురా. ఆ కొలత వాడిది కాదు. ఊపిరి వదిలేదాకా ఆగు" అనేవాడు. విన్నాను. విని, తెలివిగా మర్చిపోయాను.

ఆస్పత్రిలో నా కిరీటం మాంటూ పరీక్ష. టీబీ ఉందేమో అనుమానం వచ్చినప్పుడు, ఎడమ ముంజేతి చర్మంలోకి సన్నటి సూదితో ఒక్క బొట్టు మందు ఎక్కిస్తాం. టీబీ క్రిమి నుంచి తీసి శుద్ధి చేసిన పదార్థం అది. మూడో రోజున చూస్తే, ఆ క్రిమి అంతకుముందే ఒంట్లో చేరినవాళ్ళకి అక్కడ గట్టిగా లేస్తుంది. పది మిల్లీమీటర్లు దాటితే క్రిమి ఉన్నట్టు. ఇందులో మామూలుగా అందరూ చేసే తప్పు ఎర్రదనాన్ని కొలవడం. నేను చేయను. కళ్ళు మూసుకుని వేలితో తడిమి, గట్టిదనం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్నుతో గుర్తు పెట్టి, అప్పుడు స్కేలు తీస్తాను. కళ్ళెందుకు మూసుకుంటానంటే, చూసేవాళ్ళ కోసం కూడా కొంచెం.

మా పెద్ద సిస్టరుది ఎడ్లపాడు. వయసులో నా కంటే పదేళ్ళు పెద్ద, నోరు ఇంకో ఇరవై ఏళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అనేది, వెనకాల మిల్లీమీటరు అనేది. కొన్నాళ్ళకి ముందర కూడా అనడం మొదలుపెట్టింది. "ఏంది మిల్లీమీటరూ, ఇయ్యాల దేవుడు పూనాడా?" అని వార్డు మొత్తానికి వినపడేలా అడిగేది. నేను కళ్ళు మూసుకునే, "డిస్టర్బ్ చెయ్యమాక అక్కా" అనేవాణ్ణి.

ఆ ఏడాదే గుంటూరులో చదువు ముగించుకుని ఒక డాక్టరమ్మ మాకు వచ్చింది. వయసు చిన్న, కళ్ళద్దాలు పెద్దవి. ఆమెకి పోస్టులో వైద్య పత్రికలు వచ్చేవి. టేబుల్ మీద మందుల కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరు తప్ప వేరే కాగితం చూడని మాకు అదొక వింత. వచ్చిన నెలకే మాంటూ పరీక్షకి ఒక చీటీ తయారుచేసి సైక్లోస్టైల్ తీయించింది. సూది వేసే ముందు నేను అడగాల్సిన ప్రశ్నలు అందులో అయిదు. మూడోది: గత రెండు నెలల్లో బిడ్డకు తట్టు పోసిందా?

ఆ అయిదు ప్రశ్నలు అడిగితే ఒక్కో మనిషికి పావుగంట. ఒక ప్రశ్నకి మన జనం మూడు తరాల కథ చెబుతారు. అందుకని నేను అయిదింటినీ కలిపి ఒకే ప్రశ్న కుట్టాను. "ఏమన్నా జబ్బులు చేశాయా?" వాళ్ళు లేవంటే అయిదు గళ్ళలోనూ చకచకా 'లేదు' అని రాసేసేవాణ్ణి. ఎంత చక్కటి చేతిరాతో.

మిరపకాయ కోతల రోజుల్లో ఒక పొద్దున ఒక నాయనమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళ సొంతూరు నూజెండ్ల దగ్గర. ముసలాయన, అంటే పిల్ల తాత, బట్టీలో పనికి కుదిరితే అక్కడే స్థిరపడ్డారు. పిల్ల తల్లీతండ్రీ పెదకూరపాడు వైపు కోతలకు పోయి ఉన్నారు. పిల్లకి సాయంత్రమయ్యేసరికి జ్వరం, మెడ పక్కన వాచిన బిళ్ళ, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి, నోరు నాయనమ్మది వచ్చింది.

డాక్టరమ్మ చూసి, టీబీ అనుమానం ఉందనీ, ముందు మాంటూ చెయ్యమనీ నా దగ్గరికి పంపింది. ఎక్స్‌రే తీయించాలంటే నరసరావుపేట పోవాలి, ఆ సౌకర్యం మా దగ్గర లేదు. ఆమె మర్నాటి నుంచి పది రోజులు గుంటూరులో శిక్షణకి పోతోంది. "రీడింగ్ రాసి చీటీ నా టేబుల్ మీద పెట్టండి. ఏమొచ్చినా సరే, నేను రాగానే పాపని మళ్ళీ రమ్మనండి" అని నాకు స్పష్టంగా చెప్పింది.

నేను సూది సిద్ధం చేస్తూ నాయనమ్మని నా ఏకప్రశ్న అడిగాను.

"ఈ మధ్య పిల్లకి ఏమన్నా జబ్బులు చేశాయా అవ్వా?"

"జబ్బులా? మా ఇంటా వంటా లేవయ్యా."

అయిదు 'లేదు'లు పడ్డాయి. సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. "మామా, ఆ స్కేలెందుకు నీకు? నువ్వేమన్నా అయ్యవారివా?" అని అడిగింది. మూడో రోజు చెప్తానన్నాను.

మూడో రోజు చెయ్యి చాచింది. ముంజేతి మీద సన్నగా తెల్లటి పొడి, తవుడు చల్లినట్టు. బట్టీల పిల్ల కదా, సున్నపు దుమ్ము అనుకున్నాను. స్పిరిట్ దూదితో శుభ్రంగా తుడిచేశాను, కొలతకి అడ్డం రాకుండా. అప్పుడు కళ్ళు మూసుకుని తడిమాను. ఏమీ లేదు. మెత్తగా, నున్నగా, సూది గుచ్చిన చోటు కూడా తెలియడం లేదు. మళ్ళీ తడిమాను. లేదు. సున్నా అని రాశాను.

చీటీ టేబుల్ మీద పెట్టి ఊరుకోవాలి కదా. కానీ నాయనమ్మ నా మొహంలోకే చూస్తోంది. డాక్టరమ్మ లేదు. ఇంకో డాక్టరు గారు ఆపరేషన్ల క్యాంపులో తలమునకలుగా ఉన్నారు. తెల్లకోటు వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఏమొచ్చింది నాయనా? ఆ పాడు రోగమేనా?"

"ఏం లేదవ్వా! సున్నా వచ్చింది. నీ మనవరాలికి టీబీ గీబీ ఏం లేదు. బలం మందు తాగించు, కోడిగుడ్డు పెట్టు. పో."

ఆమె రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి దణ్ణం పెట్టింది. వార్డులో నలుగురు చూస్తుండగా. "నువ్వు సల్లంగుండాల సాయిబూ" అంది. ఆ దణ్ణం నేను తీసుకున్నాను. రెండు రోజులు నా నడకే మారిపోయింది, సిస్టరే చెప్పింది. "ఏంది తమ్ముడూ, చాతీ అట్టా పొంగింది? అదన్నా కొలుసుకో" అంది. మళ్ళీ రమ్మని చెప్పడం మాత్రం మర్చిపోయాను. మర్చిపోయానా, టీబీ లేదన్నాక ఇంకెందుకు అనుకున్నానా, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

డాక్టరమ్మ తిరిగొచ్చిన రోజు పొద్దున్నే చీటీ పట్టుకుని ల్యాబులోకి వచ్చింది.

"ఆ పాప వచ్చిందా మళ్ళీ?"

"ఎందుకమ్మా, సున్నా కదా. టీబీ లేదని అప్పుడే చెప్పి పంపించాను."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కోపం వస్తే ఆమె చేసే పని అది. అద్దాలు ఎంతసేపు తుడిస్తే అంత కోపం. ఆ రోజు చాలాసేపు తుడిచింది.

"సున్నా అంటే టీబీ లేదని మీకు ఎవరు చెప్పారు?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు కొలుస్తున్నది క్రిమిని కాదు. ఒళ్ళు ఇచ్చే జవాబుని. మన రక్తంలో కాపలా తిరిగే కణాల్లో ఒక రకాన్ని టి కణాలంటారు. ఒక్కో కణం ఒంటి మీద ఒక ప్రోటీను ఉంటుంది, రెండు గొలుసులు జంటగా కలిసినట్టు. దాన్ని రిసెప్టర్ అంటారు. ఒక్కో కణానిది ఒక్కో ఆకారం. టీబీ క్రిమి ముక్కని ఇంకో కణం పట్టి చూపించినప్పుడు, ఆ ముక్కకి సరిపోయే ఆకారం ఉన్న కణమే దాన్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టి మిగతావాళ్ళని కేకేస్తుంది. వాళ్ళంతా వచ్చి అక్కడ మూగుతారు. ఆ మూగడమే మీ వేలికి తగిలే గట్టిదనం."

"అంటే కాజా, గుండీ లాగా" అన్నాను. దర్జీ కొడుకుని కదా, నోరు ఊరుకోలేదు. "ఒక్కో కాజాలో ఒకే గుండీ పడుతుంది."

ఆమెకి కోపంలోనూ నవ్వు వచ్చింది. "అవును. ఒకరు గుండీ పట్టుకుని చూపిస్తారు, కాజా ఉన్నవాళ్ళు వచ్చి పెట్టుకుంటారు. ఆ కాజా ఎలా తయారవుతుందో బయటి దేశాల్లో కనిపెట్టి రెండు మూడేళ్ళే అయింది. మీకు తెలియకపోతే తప్పు కాదు. కానీ తట్టు పోసిన తర్వాత కొన్ని వారాలపాటు ఈ కణాలు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా మగతగా ఉంటాయి. అప్పుడు ఒంటి నిండా టీబీ ఉన్నా చేతి మీద ఏమీ లేవదు. ఈ సంగతి మన తాతల కాలం నుంచి డాక్టర్లకి తెలుసు. చీటీలో మూడో ప్రశ్న అందుకే వేశాను. అడిగారా?"

"జబ్బులేమీ లేవందమ్మా."

"తట్టు గురించి అడిగారా?"

నేను చీటీలో మూడో గడి వైపు చూశాను.

"సరే. చెయ్యి ఎలా ఉంది? చర్మం మీద ఏమన్నా ఉందా?"

"ఏం లేదమ్మా. సున్నపు దుమ్ము ఉంటే తుడిచాను."

"జుట్టు మీద కూడా ఉందా దుమ్ము?"

జుట్టు గుర్తు తెచ్చుకున్నాను. నూనె రాసి నున్నగా దువ్విన జడ. ఆముదం వాసన. నల్లగా నిగనిగలాడుతోంది. సున్నపు దుమ్ము జిడ్డు జుట్టుని వదిలేసి, చేతి మీద మాత్రమే పడుతుందా?

గుమ్మంలో నిలబడి వింటున్న సిస్టరు అప్పుడు లోపలికి వచ్చింది. ఈసారి నన్ను మిల్లీమీటరు అనలేదు. "తమ్ముడూ, తట్టు తగ్గాక ఒళ్ళంతా తవుడు లాగా పొట్టు రాలిద్ది. నువ్వు తుడిచింది అదేనయ్యా" అంది.

ఎదురుగా ఉన్న జవాబుని స్పిరిట్ పెట్టి తుడిచేసి, శుభ్రమైన చోట సున్నా కొలిచిన మహానుభావుణ్ణి నేను. యా అల్లా, ఆ పిల్ల ఎట్లా ఉందో అనిపించింది. వారం దాటిపోయింది. ఇంట్లో ఎంత ముదిరినా నాయనమ్మ తీసుకురాదు. ఎందుకంటే తెల్లకోటు సాయిబు లేదన్నాడు కాబట్టి.

"రిజిస్టరులో అడ్రసు ఏముంది?" అంది డాక్టరమ్మ.

చూశాను. నా ముత్యాల్లాంటి చేతిరాతలో 'బట్టీల కాడ' అని ఉంది. ఆ ఊళ్ళో సగం మంది బట్టీల కాడే ఉంటారు.

సైకిలు తీసుకుని బయల్దేరాను. ఒక్కో వరసలో ఆగి అడుగుతూ పోతే, ఎవరిని అడిగినా ఎదురు ప్రశ్నే. "ఏ ముసల్ది? నోరు పెద్దదా?" అంటారు. అవునంటే, "ఈడ అందరియ్యీ పెద్దవే" అంటారు. మధ్యాహ్నానికి నా కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. చివరికి ఆఖరి వరసలో ఒక రేకుల ఇంటి గుమ్మానికి ఎండిపోయిన వేపమండలు వేలాడుతూ కనపడ్డాయి. ఇక ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది.

నాయనమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి సంబరంగా లేచింది. లోపల నులక మంచం మీద పిల్ల పడుకుని ఉంది. చురుకైన కళ్ళు సగం మూతలు పడ్డాయి. నన్ను చూసి 'మామా' అందిగానీ లేవలేకపోయింది. అదే మంచం పక్కన గోడకి ఆనుకుని తాత దగ్గుతున్నాడు. దగ్గి, డబ్బాలో ఉమ్మి, "సున్నం దగ్గు బాబూ" అని నవ్వాడు.

"అవ్వా, పిల్లకి తట్టు పోసిందా?" అన్నాను.

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అట్టా పేరు పెట్టి అనమాక! అమ్మ పోసింది. మూడో నీళ్ళు ఇంకా పొయ్యలా."

"మరి ఆ రోజు జబ్బులేమీ లేవన్నావుగా?"

"జబ్బేంది? అమ్మ రావటం జబ్బు ఎట్టయిద్ది? నువ్వు జబ్బు అడిగితివి, లేదని చెప్తిని. అమ్మ సంగతి అడిగితివా?"

అడగలేదు. ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో జబ్బు అంటే ఒంటిని తినేది, అమ్మ అంటే ఇంటికి వచ్చి, గౌరవం అందుకుని వెళ్ళేది. రెండూ ఒక గళ్ళో రాయడం నా తెలివి.

పిల్లని ఆస్పత్రికి తీసుకుపోవాలన్నాను. ససేమిరా అంది. "బలం మందు తాగుతానే ఉందిగా. నువ్వే లేదంటివిగా ఆ రోగం. అమ్మ పూర్తిగా దిగలా, అందుకే నలతగా ఉంది. నీళ్ళు పోస్తే లేచి కూసుంటది." మాటలు విని చుట్టుపక్కల వాళ్ళు చేరారు. ఒకామె, "సాయిబుగారు ఆనాడు మంచిగా చెప్పిపంపె, ఇప్పుడు మాట మార్చుద్దేంది ఆస్పత్రి?" అంది. నా మీద వాళ్ళకి ఎంత నమ్మకమంటే, నన్నే నమ్మడం లేదు.

ఏదన్నా అబద్ధం చెప్పి తీసుకుపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. కొత్త మందు వచ్చిందనో, ఇంకో పరీక్ష మిగిలిందనో. సర్కారు ఉద్యోగి నలుగురిలో తప్పు ఒప్పుకోవడం ఆ రోజుల్లో ఎవరూ చూసి ఎరగరు, నేనసలు ఎరగను. లోపల పిల్ల దగ్గింది. చిన్న దగ్గు, తాత దగ్గుకి పిల్ల దగ్గు.

"అవ్వా, నేను తప్పు చెప్పాను" అన్నాను. "పరీక్షలో తప్పు లేదు, నాదే తప్పు. నిన్ను అడగాల్సింది అడగలేదు. తెలియకుండానే టీబీ లేదని చెప్పాను. ఉందేమోనని భయంగా ఉంది. ఆలస్యం చేస్తే పిల్ల మనకి దక్కదు."

నాయనమ్మ చేటలో బియ్యం వైపు చూసింది, నా వైపు చూసింది.

"అయితే ఆనాడు నేను పెట్టిన దణ్ణం ఉత్తదేనా?"

"ఉత్తదే అవ్వా."

"మరి వెనక్కి ఇయ్యి."

నవ్వులాటకి అందో నిజంగా అందో తెలియలేదు. నేను సైకిలు స్టాండు వేసి, అంతమంది ముందు, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి ఆమెకి దణ్ణం పెట్టాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా దించలేదు. ఆమె చేట పక్కన పెట్టి, చెంగుతో కళ్ళు ఒత్తుకుని, వెంటనే నా మీద గయ్యిమంది. "నిలబడి దణ్ణాలు పెడతావేంది, పిల్లని ఎత్తుకో! ఒరేయ్ ముసలోడా, నువ్వు గూడా నడువు, నీ డబ్బా కూడా తెచ్చుకో!"

పిల్లని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నడిపించుకుంటూ వచ్చాను. బరువే లేదు.

ఆ సాయంత్రమే తాత కళ్ళె పరీక్ష చేశాను. నీలం రంగు మీద ఎర్రటి సన్న పుల్లలు, ఎటు చూస్తే అటు. అంత స్పష్టంగా ఉన్న స్లైడు నేను అంతకుముందు చూడలేదు. సున్నం దగ్గు అసలు పేరు టీబీ. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి, "ఇక పాప చేతిని అడగక్కర్లేదు" అంది. కానీ ఎక్స్‌రే కావాలి. అక్కడ మళ్ళీ చిక్కు వచ్చింది. అమ్మను సాగనంపే మూడో నీళ్ళు పొయ్యకుండా పిల్లని పొలిమేర దాటించనని నాయనమ్మ పట్టుబట్టింది.

డాక్టరమ్మ అద్దాలు తియ్యబోతుంటే సిస్టరు అడ్డొచ్చింది. "మీరుండండమ్మా. నీళ్ళేగా, ఈడ పోద్దాం" అంది. మర్నాడు పొద్దున ఆస్పత్రి వెనక పంపు దగ్గర, వేపాకు వేసి కాచిన నీళ్ళతో పిల్లకి స్నానం చేయించారు. మెడలో శిలువ గొలుసు ఉన్న సిస్టరు చెంబుతో నీళ్ళు పోస్తుంటే, నేను వేపకొమ్మలు విరిచి అందించాను. నాయనమ్మ పక్కన నిలబడి, కొమ్మలు చిన్నవి తెచ్చానని నన్ను తిడుతోంది. అమ్మవారు మా ఇద్దరినీ చూసి ఏమనుకుందో గానీ, తొమ్మిది గంటల బస్సుకి పిల్ల నరసరావుపేట బయల్దేరింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మొదట్లో మచ్చ తేలింది.

తాతకీ మనవరాలికీ ఒకే రోజు మందు మొదలైంది. రోజూ సూది, పైగా గుప్పెడు బిళ్ళలు. మొదటి రెండు వారాలు పిల్ల తిన్నది తిన్నట్టు కక్కేది, జ్వరం దిగేది కాదు. నేను పొద్దున ల్యాబు తియ్యకముందే వార్డుకి పోయి టెంపరేచర్ కార్డు చూసేవాణ్ణి. నమాజులో నేను అడిగింది ఆ రోజుల్లో ఆ కార్డు మీద గీత కిందికి దిగాలనే. మూడో వారంలో దిగింది. నాలుగో వారంలో పిల్ల సిస్టరుని "మిల్లీమీటరు ఏడీ?" అని అడిగింది. ఆ పేరు తనకి ఎవరు నేర్పారో నేను విచారణ జరపలేదు.

ఆ చీటీ కూడా మారింది. నాయనమ్మే మార్పించింది. "ఎవరినన్నా అమ్మ పోసిందా అని మొహాన అడిగితే చెప్తారా? గుమ్మానికి వేపమండలు కట్టారా అని అడుగు, తలూపుతారు" అంది. డాక్టరమ్మ ఆ మాటను అట్లాగే చీటీలో మూడో ప్రశ్నగా వేయించింది. మిగతా నాలుగు ప్రశ్నలు కూడా ఆ తర్వాత నేను విడివిడిగానే అడిగాను. పావుగంటలు పోయాయి, మూడేసి తరాల కథలు విన్నాను. అబ్బా చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఊపిరి వదిలేదాకా ఆగడం అంటే ఇదేనని మా దర్జీ ఎప్పుడో చెబితే, ఆయన కొడుకు అంత చదువు చదివి ముప్ఫై ఏళ్ళు దాటాక అర్థం చేసుకున్నాడు.

రెండు నెలల తర్వాత, ఎండలు మండిపోతున్నప్పుడు, మాంటూ మళ్ళీ చేస్తానని డాక్టరమ్మని అడిగాను. "వైద్యానికి అవసరం లేదు, జబ్బు ఉందని తెలిసిపోయింది కదా" అంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె నవ్వి, "సరే, మీ వైద్యానికి అవసరం. చెయ్యండి" అంది. పోయినసారి కుడి ఎడమ చూడకుండా రాసిన చీటీ పక్కన కొత్త చీటీ పెట్టుకుని కూర్చున్నాను.

"గుమ్మానికి వేపమండలు కట్టారా అవ్వా?"

పిల్లే జవాబిచ్చింది. "కట్టాం, ఎండినాయ్, తీసేశాం. ఇంక పొడువు మామా."

మూడో రోజున వచ్చేసరికి నా గది ముందు జనం. సిస్టరు, కాంపౌండరు, తాత, డాక్టరమ్మ కూడా ఏదో పని ఉన్నట్టు వచ్చి నిలబడింది. పిల్ల చెయ్యి చాచింది. ఎర్రగా, ఎత్తుగా లేచి ఉంది. చర్మం మీద పొట్టు లేదు, దుమ్ము కొంచెం ఉంది, అది నిజంగా సున్నమే. నేను తడమబోతుంటే పిల్ల నా చెయ్యి తోసేసి, తానే కళ్ళు గట్టిగా మూసుకుని, వేలితో తడుముకుంది. అచ్చం నా వేషమే. అందరూ పగలబడి నవ్వారు.

"ఈడనుంచి ఈడకి గట్టిగా ఉంది" అంది కళ్ళు తెరవకుండానే.

పెన్నుతో గుర్తు పెట్టి స్కేలు ఆనించాను. పదిహేడు మిల్లీమీటర్లు. మగతలో ఉన్న కణాలు లేచాయి, తమ గుండీని గుర్తుపట్టాయి, అక్కడ మూగాయి. ఒక చేతి మీద లేచిన వాపుని చూసి నేను అంత సంతోషపడటం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్పిరిట్ ఘాటు అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

నాయనమ్మ ముందుకు వంగి చూసి, భయంగా నా మొహంలోకి చూసింది. "ఇంత లేచిందేంది సాయిబూ? మంచిదా, చెడ్డదా?"

"మంచిదే అవ్వా. జబ్బు ఉందని మనకి ముందే తెలుసు. ఆ రోజు పిల్ల ఒళ్ళు జవాబు చెప్పే స్థితిలో లేదు. ఇప్పుడు గట్టిగా చెబుతోంది. మందు తొమ్మిది నెలలూ మానకుండా మింగితే నీ మనవరాలికి ఏం కాదు."

"ఈసారి డాక్టరమ్మని అడిగే చెప్తున్నావా?"

"అడిగే చెబుతున్నా."

ఆమె డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ తలూపింది. అయినా తొందరపడలేదు. మనవరాలి చేతిని తన చేతిలోకి తీసుకుని, గట్టిగా లేచిన ఆ చోటు మీద బొటనవేలితో ఒకసారి తడిమి చూసుకుంది. అప్పుడు నా వైపు తిరిగి రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తింది.

"ఇది ఉంచుకో" అంది.